రాయి తెచ్చే రెండు జబ్బులు: సిలికోసిస్, ఫ్లోరోసిస్



మార్కాపురం పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తొచ్చేది పలక. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు రాకముందు ఎన్నో ఊళ్ళ పిల్లలు మన నేలలో తవ్విన రాతి పలక మీదే అక్షరాలు దిద్దుకున్నారు. బడి పలకలకు గిరాకీ తగ్గాక అదే రాయి ఇళ్ళ గోడలకూ, నేలకూ వేసే అలంకరణ రాయిగా దూర ప్రాంతాలకూ, విదేశాలకూ వెళ్ళింది. వానలు సరిగా పడని ఈ మెట్ట ప్రాంతంలో రాయి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది.

అయితే నేలలోని రాయి మనకు తెలియకుండా రెండు దారుల్లో మన ఒంట్లోకి కూడా వస్తుంది. మొదటిది గాలి దారి. రాయిని తవ్వినా, కోసినా, అరగదీసినా లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. రెండవది నీటి దారి. భూమి లోతుల్లో రాళ్ళ మధ్య నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడు కరిగి, బోరు ద్వారా మన బిందెలోకి వచ్చి ఫ్లోరోసిస్ తెస్తుంది.

ఈ రెండు జబ్బులకూ మూడు పోలికలున్నాయి. రెండూ సాధారణంగా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తాయి. రెండింటికీ కారణమైనది కంటికి కనిపించదు. ఒంట్లో జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పే మందు రెండింటికీ లేదు. అందుకే ఈ రెండు జబ్బుల విషయంలో ఆసుపత్రి చివరి మెట్టు మాత్రమే. అసలు వైద్యం క్వారీలోనూ, కటింగ్ మిషను దగ్గరా, బోరు దగ్గరా జరగాలి. ఆ వైద్యం ఎలా చేసుకోవాలో ఈ సంచికలో వివరిస్తున్నాము.

గాలి దారి: సిలికోసిస్ అంటే ఏమిటి?

పలక రాతిలో బంకమన్ను ఖనిజాలతో పాటు క్వార్ట్జ్ అనే స్ఫటిక సిలికా కూడా ఉంటుంది. ఇసుకలోనూ, గ్రానైటులోనూ ఉండేది ఇదే. గడ్డగా ఉన్న రాయి ఎవరికీ హాని చేయదు. దానిని పొడి చేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

కంటికి కనిపించే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్మితే, దగ్గితే బయటకు వస్తుంది. కానీ తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని కణాలు ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచుల దాకా వెళ్ళిపోతాయి. ఎండ పొడ పడినప్పుడు గాలిలో మెరుస్తూ తేలుతుంటాయే, వాటికంటే సన్నని కణాలు ఇవి. దుమ్ము కనిపించడం లేదు కాబట్టి గాలి శుభ్రంగా ఉందనుకోవడం అందుకే పొరపాటు.

గాలి సంచుల్లో మన శరీరానికి కాపలాదారుల వంటి కణాలుంటాయి. ఏ క్రిమి వచ్చినా అవి మింగి అరిగించేస్తాయి. సిలికా కణాన్ని కూడా అలాగే మింగుతాయి. కానీ రాయి అరగదు. మింగిన కణమే చచ్చిపోతుంది. సిలికా మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం దానిని మింగుతుంది, అదీ చచ్చిపోతుంది. ఇలా జరిగిన ప్రతిచోటా ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కడుతుంది. పుండు మానిన చోట చర్మం గట్టిపడినట్టు మెత్తని ఊపిరితిత్తి గట్టిపడుతుంది. పని మానేసిన తరువాత కూడా ఈ మచ్చలు పెరగవచ్చు. ఎందుకంటే లోపలికి వెళ్ళిన రాయి లోపలే ఉంటుంది.

సాధారణంగా పదేళ్ళు, అంతకంటే ఎక్కువ కాలం దుమ్ములో పనిచేసిన వారిలో ఈ జబ్బు బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే అయిదు నుంచి పదేళ్ళలోనే రావచ్చు. మూసి ఉన్న గదిలో విపరీతమైన దుమ్ములో పనిచేస్తే కొద్ది నెలల్లో కూడా ప్రాణం మీదికి రావచ్చు.

లక్షణాలు: మొదట్లో ఏ బాధా ఉండదు. తరువాత పొడి దగ్గు మొదలవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు, బరువు మోసేటప్పుడు ఆయాసం వస్తుంది. క్రమంగా నాలుగడుగులు నడిచినా ఆయాసమే. బరువు తగ్గడం, నీరసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండడం కనిపిస్తాయి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో నిర్ధారించింది. బీడీ, సిగరెట్ తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

టి.బి.తో పొరపాటు, టి.బి.తో పొత్తు

సిలికోసిస్ ఉన్నవారి ఎక్స్‌రేలో కనిపించే మచ్చలు టి.బి. మచ్చల్లాగే ఉండవచ్చు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. అందుకని కొందరు కళ్ళె పరీక్షలో టి.బి. క్రిములు లేకపోయినా టి.బి. మందులు ఒక కోర్సు వాడి, తగ్గక ఇంకో కోర్సు వాడి, అప్పుల పాలయి, మళ్ళీ అదే దుమ్ములోకి పనికి వెళుతుంటారు.

మరో వైపు, సిలికోసిస్ ఉన్నవారికి నిజంగానే టి.బి. వచ్చే అవకాశం మిగతావారి కంటే చాలా ఎక్కువ. కాపలా కణాలు దెబ్బతిన్న ఊపిరితిత్తిలో టి.బి. క్రిమికి అడ్డు ఉండదు. కాబట్టి రాతి పని చేసేవారు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష తప్పక చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టి.బి. పరీక్షలూ మందులూ ఉచితం. టి.బి. లేదని తేలిన సిలికోసిస్ రోగులకు అది రాకుండా ముందుగా మందు ఇచ్చే పద్ధతి కూడా జాతీయ కార్యక్రమం 2021 మార్గదర్శకాల్లో ఉంది. దాని గురించి డాక్టరును అడగండి.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక పుస్తకం రాశారు. రాళ్ళు చెక్కేవారి ఊపిరితిత్తుల గురించి అందులో ఉంది. రోగిని అడిగే ప్రశ్నల్లో "నీ పని ఏమిటి?" అన్నది కూడా చేర్చాలని ఆయన తోటి వైద్యులకు చెప్పారు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ మాట పాతబడలేదు. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. "పలకల ఫ్యాక్టరీలో కటింగ్ దగ్గర ఎనిమిదేళ్ళు చేశాను", "క్వారీలో డ్రిల్లింగ్ చేశాను" అని ఓ.పి. చీటీ మీద రాయించుకోండి. ఇప్పుడు ఆ పని మానేసి ఆటో నడుపుతున్నా సరే, పాత పని చెప్పాలి.

బలపాల ఊరు నేర్పిన పాఠం

మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతం బలపాల తయారీకి పేరు పొందింది. అక్కడ రాతిని కరెంటు రంపాలతో బలపాలుగా కోసేవారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వైద్యులు ఆ కార్మికులను పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షించిన వారిలో సగానికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. పిల్లలు అక్షరాలు దిద్దే బలపం కోసం, దానిని చేసిన తండ్రుల ఊపిరి పోయింది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1930, 1931 సంవత్సరాలలో హాక్స్ నెస్ట్ అనే చోట కొండలో సొరంగం తవ్వారు. ఆ రాతిలో సిలికా చాలా ఎక్కువ. నీళ్ళు వాడకుండా పొడిగా డ్రిల్లింగ్ చేయించారు. వందల మంది కార్మికులు, అనేకులు కొద్దికాలంలోనే, సిలికోసిస్‌తో చనిపోయారు. నీళ్ళు చల్లుతూ తవ్వితే పని కాస్త నెమ్మదిస్తుందన్న లెక్కకు అంత ఖరీదు చెల్లించాల్సి వచ్చింది.

మంద్‌సౌర్ రాయి, మన రాయి ఒకటి కావు. పని తీరు కూడా ఒకటి కాదు. అక్కడి అంకెలను ఇక్కడికి తెచ్చి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ పొడిగా కోస్తే ఏమవుతుందో ఆ ఊరు చూపించింది. దానిని తెలుసుకోవడానికి మన ఊరు మళ్ళీ అదే దారిలో నడవనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2030 నాటికి సిలికోసిస్‌ను లేకుండా చేయాలని 1995లో సంకల్పించాయి. ఈ జబ్బును పూర్తిగా నివారించవచ్చు కాబట్టే అటువంటి లక్ష్యం పెట్టుకోగలిగారు.

దుమ్మును పుట్టిన చోటే ఆపాలి

దుమ్ము అనగానే అందరికీ మాస్కు గుర్తొస్తుంది. నిజానికి మాస్కు చివరి రక్షణ. ముందు చేయవలసినవి ఇవి:

1. తడి పని. డ్రిల్లింగ్, కటింగ్, పాలిష్ అన్నీ నీటి ధార కింద చేయాలి. తడిసిన దుమ్ము గాలిలోకి లేవదు. నీటి ఎద్దడి ఉన్న మన ప్రాంతంలో ఇది కష్టమే. కానీ వాడిన నీటిని తొట్లలో నిలిపి, మడ్డి కిందికి దిగాక పైనీటిని మళ్ళీ వాడుకోవచ్చు.

2. మడ్డి తడిగా ఉండగానే తీసేయాలి. అది ఎండితే మళ్ళీ దుమ్మే.

3. దుమ్ము లాగే యంత్రం. నీళ్ళు పెట్టడం కుదరని చోట రంపం పక్కనే గాలిని పీల్చే గొట్టం అమర్చాలి. గది పైకప్పుకు ఫ్యాను పెడితే చాలదు. ఆ ఫ్యాను దుమ్మును పనివాడి ముఖం మీదుగా లాగవచ్చు.

4. చీపురుతో పొడిగా ఊడ్చకూడదు. కంప్రెసర్ గాలితో బట్టలూ, మిషన్లూ దులపకూడదు. తడి గుడ్డతో తుడవాలి, లేదా నీళ్ళతో కడగాలి.

5. దుమ్ము పనిని ఇతర పనుల నుంచి వేరు చేయాలి. పలకలు ఏరేవారు, లెక్క పెట్టేవారు, ప్యాకింగ్ చేసేవారు కటింగ్ మిషను పక్కన కూర్చోకూడదు.

6. వీటన్నిటి తరువాత మాస్కు. ముఖానికి కట్టుకునే తువ్వాలు, చీర కొంగు, పలుచని సర్జికల్ మాస్కు సన్నని సిలికాను ఆపలేవు. ఎన్-95 రకం మాస్కు కావాలి. అంచులు ముఖానికి గట్టిగా అతుక్కోవాలి. గుబురు గడ్డం ఉంటే అతుక్కోదు.

ఇంటివారికి ఒక మాట. పని బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోవద్దు. పని చోటే కాళ్ళు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని రావడం మంచిది. ఆ బట్టలను దులపకుండా ముందు నీళ్ళలో నానబెట్టి విడిగా ఉతకాలి. రాతి పొడి గుట్టల మీద పిల్లలను ఆడనివ్వవద్దు.

నీటి దారి: ఫ్లోరోసిస్

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో మొదటిసారి వివరంగా వచ్చింది మన పొరుగు నేల నుంచే. 1937లో హెచ్.ఇ. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో నడుము వంగిపోయి, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, దానికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడు అని రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో వాటినీ, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలనూ, గుంటూరు జిల్లా నుంచి మరికొన్నింటినీ కలిపి ఒంగోలు జిల్లా చేశారు. దానికే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అంటే కారణం తెలిసి ఎనభై ఏళ్ళు దాటింది. జబ్బు మాత్రం ఇంకా ఊళ్ళు విడిచి పోలేదు.

ఎందుకు? గ్రానైటు వంటి రాళ్ళలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. వాన తక్కువైన చోట భూగర్భ జలం ఏళ్ళ తరబడి రాళ్ళ మధ్యే నిలిచి, ఫ్లోరైడును కరిగించుకుంటుంది. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీరు తగిలే అవకాశం ఎక్కువ. వాన నీటిలో, నది నీటిలో, చెరువు నీటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. గుండ్లకమ్మ మీద పూర్వులు కట్టిన కంభం చెరువు వంటివి పంటకే కాదు, చుట్టుపక్కల భూగర్భ జలానికి కొత్త నీరు కలపడానికీ పనికి వస్తాయి.

ఫ్లోరైడు నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. తేటగా, తియ్యగా ఉన్న నీటిలో కూడా ఉండవచ్చు.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే దారి లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు. అది దాటితే పిల్లల పళ్ళ మీద ప్రభావం కనిపించవచ్చు. 3 నుంచి 6 మిల్లీగ్రాముల నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకల జబ్బు రావచ్చు. 10 దాటిన నీరు మనిషిని వంగదీసి మంచాన పడేయగలదు.

ఒక చిన్న లెక్క

ఒంట్లోకి ఎంత ఫ్లోరైడు వెళ్ళింది అన్నది నీటిలో ఎంత ఉంది, ఆ నీరు ఎంత తాగాము అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. ఆహారంతో సహా రోజుకు మొత్తం 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు మొదలవుతుందనీ, 14 మిల్లీగ్రాముల దగ్గర అది స్పష్టంగా కనిపిస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక చెబుతోంది.

లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీటిని నీడపట్టున కూర్చునే మనిషి రోజుకు 3 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. అదే నీటిని మే నెల ఎండలో క్వారీలో పనిచేసే మనిషి 6 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు. ఒకే బోరు, ఒకే నీరు, కానీ కష్టపడే మనిషికి రెట్టింపు. రాతి పని చేసేవారు రాయిని పీలుస్తూ రాయిని తాగుతున్నారని మేము అనేది ఇందుకే. పని చోట ఉండే తాగునీటి డ్రమ్ములోని నీరు ఎక్కడిదో అడిగి తెలుసుకోండి.

గుర్తించడం ఎలా?

పిల్లల్లో: పాల పళ్ళు ఊడి వచ్చిన శాశ్వత దంతాల మీద సున్నం పూసినట్టు తెల్లని మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. వీటినే మనవారు గార పళ్ళు అంటారు. ఇది పళ్ళు తోముకోకపోవడం వల్ల వచ్చే గార కాదు. చిగుళ్ళ లోపల దంతం తయారవుతున్నప్పుడే పడిన మచ్చ. సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీటి వల్ల వస్తుంది. ఒకసారి వచ్చాక తోమితే పోదు. అటువంటి పిల్లలను ఎగతాళి చేయకండి. ఆ పళ్ళు పిల్లవాడి తప్పును కాదు, ఊరి బోరును చూపిస్తున్నాయి.

పెద్దవారిలో: మెడ, నడుము, మోకాళ్ళ నొప్పులు, కీళ్ళు బిగుసుకుపోవడం ఉంటాయి. ఇంట్లోనే మూడు పరీక్షలు చేసి చూడవచ్చు. గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? మోకాళ్ళు వంచకుండా వంగి కాలి వేళ్ళు తాకగలరా? రెండు చేతులూ ఎత్తి తల వెనుక పెట్టుకోగలరా? ఇవి చేయలేని వారందరికీ ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు. కానీ ఒకే బోరు నీరు తాగే ఇళ్ళలో ఇటువంటివారు పలువురు ఉంటే ముందు ఆ నీటిని పరీక్షించాలి. నొప్పుల బిళ్ళలు ఏళ్ళ తరబడి సొంతంగా మింగితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు బలహీనపడితే ఫ్లోరైడు బయటకు పోవడం ఇంకా తగ్గుతుంది.

ఏది ఫ్లోరైడును తీస్తుంది, ఏది తీయదు?

నీటిని కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరై ఫ్లోరైడు చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరు వాడినా, క్లోరిన్ బిళ్ళ వేసినా ఫ్లోరైడు అలాగే ఉంటుంది.

ఆర్.ఓ. యంత్రం సరిగా పనిచేస్తున్నంత కాలం తీస్తుంది. పొర పాడైతే తీయదు. కాబట్టి వాటర్ ప్లాంటు నీటిని కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును మడ్డిగా దింపే 'నల్గొండ పద్ధతి'ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. యాక్టివేటెడ్ అల్యూమినా అనే పదార్థం ఉన్న ఫిల్టర్లు కూడా ఉన్నాయి. వీటిలో దేనినైనా తెలిసినవారి పర్యవేక్షణలోనే నడపాలి.

చాలామంది చేసే పని ఒకటుంది. తాగడానికి క్యాను నీరు తెచ్చుకుని, వంటకు బోరు నీరు వాడుతారు. అన్నం, పప్పు, సాంబారు ద్వారా అదే ఫ్లోరైడు ఒంట్లోకి వెళుతుంది. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల మంచి నీరు చాలు. అయిదుగురున్న ఇంటికి 40 నుంచి 50 లీటర్లు. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఉన్న కాస్త మంచి నీటిని పంచుకోవలసి వస్తే గర్భిణులకు, పసిపిల్లలకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మొదట ఇవ్వండి.

ఆహారం కూడా ముఖ్యమే. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం, ఉసిరి, జామ, నిమ్మలోని విటమిన్ సి శరీరానికి తోడ్పడతాయి. నల్ల ఉప్పు, పాలు లేని డికాక్షన్ టీ తగ్గించాలి. నీరు మార్చి ఆహారం సరిచేసుకుంటే కడుపు నొప్పి, వికారం వంటి బాధలు తగ్గుతాయి. వంగిన ఎముక తిరిగి నిటారుగా రాదు. కానీ జబ్బు ముదరకుండా ఆపవచ్చు.

చట్టం ఏమి చెబుతోంది?

సిలికోసిస్ అనేది తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ నియమం ఉంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. జబ్బును గుర్తించిన డాక్టరు దానిని అధికారులకు తెలియజేయాలి. ప్రభుత్వం నిర్ణయించిన వయసు, తరగతుల కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించడం యజమాని బాధ్యత. వృత్తి వ్యాధికి నష్టపరిహారం పొందే హక్కు కార్మికులకు 1923 చట్టంతో మొదలయింది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది.

హక్కు ఉంటే చాలదు, రుజువు కావాలి. హాజరు చీటీ, జీతం రసీదు, గుర్తింపు కార్డు, పాత ఎక్స్‌రేలు, ఓ.పి. చీటీలు ఒక సంచిలో భద్రపరచండి. ఎక్స్‌రేలో మచ్చ ఉందని తెలిస్తే పని పోతుందేమోనని దాచిపెట్టేవారున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. ఇంటిల్లిపాదీ ఆ కూలి మీదే బతుకుతున్నప్పుడు పని మానేయమని చెప్పడం తేలిక కాదు. కానీ మచ్చ చిన్నగా ఉన్నప్పుడు దుమ్ము లేని పనికి మారితే ఇంకా చాలా ఏళ్ళు సంపాదించగలరు. ముదిరాక ఏ పనీ చేయలేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు.

యజమానులకూ ఒక మనవి. నీటి గొట్టం, దుమ్ము లాగే యంత్రం ఖర్చనిపించవచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న నేర్పరి పనివాడు పరిశ్రమకు పెట్టుబడే. చిన్న యూనిట్లు ఒక్కొక్కటీ చేయలేనిది కొన్ని కలిసి చేయవచ్చు.

ఊరంతా కలిసి చేయవలసిన పని

మన పశ్చిమ ప్రాంతానికి నది నీరు తేవాలన్న ప్రయత్నం చాలాకాలంగా సాగుతోంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల గుండా నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దాని జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. జల్ జీవన్ మిషన్ కింద తాగునీటి పథకానికి 2025 జులైలో మార్కాపురం దగ్గర నరసింహాపురంలో శంకుస్థాపన చేశారు. పెద్ద పనులు పెద్దవారు చేస్తారు. ఇంటి కుళాయికి ఆ నీరు వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా, మనం చేయగలిగినవి ఇవి:

• ఊరిలో తాగునీటికి వాడే ప్రతి బోరునూ, చేతి పంపునూ విడివిడిగా పరీక్ష చేయించండి. ఒకే ఊరిలో ఒక బోరు మంచిదై, వంద గజాల అవతల బోరు చెడ్డదై ఉండవచ్చు. నమూనాను గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, బోరు గుర్తు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపాలి.

• వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్షించండి.

• ఫలితాన్ని పంపు మీదే రాయండి. ఫ్లోరైడు ఎక్కువ ఉన్న పంపుకు ఎర్ర రంగు వేస్తే చదువు రాని వారికి కూడా తెలుస్తుంది.

• బడిలో ఉపాధ్యాయులు మూడు, నాలుగు తరగతుల పిల్లల పళ్ళు చూసి, మచ్చలున్న పిల్లలు ఏ వీధి నీరు తాగుతున్నారో రాసుకుంటే ఊరి నీటి పటం తయారవుతుంది.

• ఇంటి కప్పు మీద పడే వాన నీటిని, మొదటి వాన వదిలేసి, మూత ఉన్న తొట్టిలో పట్టుకుంటే తాగడానికీ వంటకూ పనికి వస్తుంది. క్రిముల కోసం కాచి తాగాలి.

• సంఘ కూడికల్లో, మహిళా సంఘాల్లో రాతి పని చేసే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చూడండి. దగ్గుతో, ఆయాసంతో ఉన్నవారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకురండి. ఒంటరిగా రావడానికి జంకేవారు తోడుంటే వస్తారు.

ఈ నేల మీద పుట్టినవారికి రాయితో సంబంధం తెగదు, తెంచుకోనక్కరలేదు. రాయిని తవ్వుదాం, కోద్దాం, అమ్ముదాం. కానీ రాయిని పీల్చవద్దు, రాయిని తాగవద్దు. ఈ వారమే ఒక పని చేయండి. మీ ఇంటి నీరు ఏ బోరుదో తెలుసుకుని నమూనా పట్టండి. మీ ఇంట్లో రాతి పని చేసేవారుంటే "ఈ రోజు మిషనుకు నీళ్ళు పెట్టారా?" అని అడగండి. రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. నివారణ అక్కడి నుంచే మొదలవుతుంది.